స్నోడ్రాప్ గడ్డకు ధర కట్టేది ఏళ్లే

2022 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో, ఈబే ఆన్‌లైన్ వేలంలో, చలికాలం చివర పూసే స్నోడ్రాప్ అనే చిన్న పూలమొక్క గడ్డ ఒకే ఒక్కటి 1,850 పౌండ్లు పలికింది. అప్పటి మారకం ప్రకారం లక్షా ఎనభై వేల రూపాయల పైమాటే. గడ్డ చూడబోతే లావుపాటి వెల్లుల్లి రెబ్బంత ఉంటుంది. రకం పేరు గోల్డెన్ టియర్స్. అదే దేశంలో, అదే నెలలో మామూలు స్నోడ్రాప్‌లు వంద మొక్కల కట్ట ఇరవై పౌండ్లకు అటూ ఇటూగా దొరికేది. అంటే ఒక్కోటి ఇరవై పెన్నీలు. రెండూ జానెడు ఎత్తే, రెండూ తెల్లవే, రెండూ తల దించుకునే పూస్తాయి. నాలుగడుగుల దూరంలో నిలబడితే తేడా కనిపించదు. వంగి, పువ్వు కింద వేలు పెట్టి పైకెత్తి చూస్తే, మామూలు దాంట్లో ఆకుపచ్చగా ఉండే గుర్తు ఖరీదైన దాంట్లో పసుపుపచ్చగా ఉంటుంది. తెలుగులో రెండింటినీ పచ్చ అనే అనేస్తాం. స్నోడ్రాప్ పిచ్చి పట్టినవాళ్ల లెక్కలో ఆ రెండు పచ్చల మధ్య వెయ్యి పౌండ్లకు పైగా దూరం ఉంది.

ఈ మోజును చాలామంది 17వ శతాబ్దపు హాలండ్ తులిప్ జూదంతో పోలుస్తారు. ఆ పోలిక పైపైనే నిలుస్తుంది. అక్కడ చివరికొచ్చేసరికి చేతులు మారినవి గడ్డలు కావు, వాటి కొనుగోలు కాగితాలు. ఇక్కడ గడ్డ కొన్నవాళ్లు దాన్ని నిజంగానే మట్టిలో పెట్టి ఏళ్ల తరబడి కాపలా కాస్తారు. ధర ఎందుకంతో తెలియాలంటే, ఆ గడ్డ ఎంత నిదానంగా పిల్లలు పెడుతుందో ముందు తెలియాలి. స్నోడ్రాప్ వ్యాపారంలో అసలు అమ్ముడయ్యే సరుకు ఏళ్లు. మామూలు రకంలో ఆ ఏళ్లను ఎవరో ఎప్పుడో గడిపేశారు, కొత్త రకంలో ఇంకా గడపాలి. ఏ గడ్డ ఎప్పుడు కొనాలి, ఎలా నాటాలి, కత్తితో ఎందుకు కోయాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ ఒక్క లెక్క దగ్గరికే వస్తాయి.

కోడలిగా వచ్చిన పువ్వు

స్నోడ్రాప్ శాస్త్రనామం గలాంథస్. గ్రీకులో గాలా అంటే పాలు, ఆంథోస్ అంటే పువ్వు. 1753లో లిన్నేయస్ స్థిరపరిచిన పేరిది. ఈ ప్రజాతిలో ఇరవై చిల్లర జాతులున్నాయి. పుట్టిల్లు పిరనీస్ కొండల దగ్గర మొదలై బాల్కన్ దేశాలు, టర్కీ, కాకసస్ మీదుగా ఇరాన్ ఉత్తర అంచు దాకా పోతుంది. ఎక్కువ జాతులు టర్కీవే. స్నోడ్రాప్ అనగానే బ్రిటన్ గుర్తొస్తుంది గానీ ఆ ఇంటికి అది కోడలిగా వచ్చిందే. 1597 నాటి జాన్ జెరార్డ్ మూలికల గ్రంథంలో తోట మొక్కగా కనిపిస్తుంది. అడవుల్లో దానంతటది పెరుగుతోందని నమోదైంది మాత్రం 1770ల్లోనే. ఆలోగా చర్చి ఆవరణల్లో, పాత మఠాల చుట్టుపక్కల కుదురుకుంది. ఫిబ్రవరి 2న వచ్చే క్యాండిల్మస్ పండుగ వేళకు పూస్తుంది కాబట్టి క్యాండిల్మస్ గంటలు అని పాత పేరు కూడా ఉంది.

కుటుంబం అమరిల్లిడేసీ. మన పెరళ్లలో తొలకరి పడగానే పూసే వానలిల్లీ, కాలవ గట్ల మీది విషముంగలి దీనికి దాయాదులు. ఇప్పటి వర్గీకరణలో ఉల్లి, వెల్లుల్లి కూడా అదే కుటుంబంలో చేరాయి. వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకం ఈ గడ్డను లశునం అంటుంది. కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ. ఇక్కడికి గడ్డే సరిపోతుంది. ఉల్లిగడ్డ నిర్మాణం మాత్రం గుర్తుంచుకోవాలి, కత్తి పట్టే చోట దాని అవసరం పడుతుంది.

పువ్వులో రేకలు ఆరు. బయటి మూడూ పెద్దవి, లోపలి మూడూ పొట్టివి. లోపలి రేకల కొసన ఆకుపచ్చ గుర్తు, పైన కాడ దగ్గర చిన్న పూసలాంటి అండాశయం. గుర్తు ఆకారం, అండాశయం రంగు, బయటి రేకల కొసలకు పచ్చ అంటిందా లేదా: ఈ మూడు విషయాల కూడికలూ తీసివేతలతోనే రెండు వేలకు పైగా రకాలకు పేర్లు పెట్టారు. నిర్మొహమాటంగా చెప్పాలంటే వాటిలో చాలా పేర్లు అమ్మేవాళ్ల చీటీ మీదే వేరు, పూలమడిలో వేరు కావు.

కొనేవాళ్లు పువ్వు కంటే ఆకును చదవడం నేర్చుకోవాలి. మామూలు స్నోడ్రాప్ గలాంథస్ నివాలిస్. సన్నటి ఆకులు, బూడిద కలిసిన ఆకుపచ్చ. నేలలోంచి వచ్చే చోట రెండాకులూ నమస్కారం పెట్టినట్టు అరచేతులు ఆనించుకుని ఉంటాయి. ఎల్వెసియై అనే జాతిలో ఆకు వెడల్పు, మరింత బూడిద రంగు, ఒక ఆకు రెండోదాన్ని కిళ్లీ చుట్టినట్టు చుట్టుకుంటుంది. ప్లికాటస్ ఆకు అంచులు చీర అంచు మడిచి కుట్టినట్టు వెనక్కి మడతపడి ఉంటాయి. వోరోనోవియైకి బూడిద పూత ఉండదు, ఆకు నిగనిగలాడుతుంది. సంచి మీద నివాలిస్ అని రాసి ఉండి, ఫిబ్రవరిలో నిగనిగలాడే వెడల్పాటి ఆకు వచ్చిందంటే లోపలున్నది వేరే జాతి. ఈ తారుమారు సంతలో మామూలే.

వీటిలో ఎల్వెసియైకి పేరిచ్చిన హెన్రీ జాన్ ఎల్వెస్ గ్లాస్టర్‌షైర్ జమీందారు. 1874లో టర్కీ వెళ్లినప్పుడు అప్పటి స్మిర్నా, ఇప్పటి ఇజ్మీర్ పరిసరాల కొండల్లో ఈ పువ్వును చూశాడు. ఆయన ఉన్న కోల్స్‌బర్న్ ఎస్టేట్‌కు ఇప్పటికీ ఫిబ్రవరిలో జనం స్నోడ్రాప్‌లు చూడటానికే పోతారు. ప్లికాటస్ క్రిమియా మొక్క. 1850ల యుద్ధం నుంచి ఇళ్లకు తిరిగొచ్చిన బ్రిటిష్ సైనికుల సంచుల్లో కొన్ని గడ్డలు వచ్చాయి.

ఎండు గడ్డ, ఆకుమీది గడ్డ, నిద్రలో ఉన్న గడ్డ

ఉల్లిగడ్డను అటక మీద నెలల తరబడి నిల్వ చేయగలం. దానికి పొడి పొరలు వరసగా ఉంటాయి, లోపలి తడి బయటికి పోదు. స్నోడ్రాప్‌కు ఆ రక్షణ లేదు. పైన ఉన్నది పల్చటి గోధుమరంగు పొర ఒక్కటే. వేసవిలో తవ్వి ఆరబెట్టి, గోదాముల్లో ఉంచి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తులిప్, డాఫొడిల్ సంచుల పక్కన దుకాణంలో వేలాడదీసేసరికి సగం ప్రాణం పోయి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గట్టిగా, తూకంగా అనిపించిన గడ్డ బతికి ఉన్నట్టు. బెండులా తేలిగ్గా ఉంటే అది మొలవదు. ఎల్వెసియై, వోరోనోవియై ఇలా ఎండిపోవడాన్ని కొంత తట్టుకుంటాయి. అందరూ అడిగే నివాలిసే తట్టుకోలేదు. పాతిక గడ్డలు నాటితే నాలుగే వచ్చాయని వాపోయేవాళ్లలో ఎక్కువమంది ఈ ఎండు సంచి కొన్నవాళ్లే. తప్పు మట్టి మీదికీ చలి మీదికీ పోతుంది, సంచి మాత్రం తప్పించుకుంటుంది.

దీనికి విరుగుడుగా బ్రిటన్‌లో స్థిరపడిన అలవాటు ఇన్ ద గ్రీన్, అంటే ఆకుమీద కొనడం. పూత అయిపోతూ ఉండగా, ఆకు పచ్చగా ఉన్నప్పుడే ఫిబ్రవరి చివర, మార్చిలో తవ్వి, తడి కాగితంలో చుట్టి పంపుతారు. అందినరోజే నాటాలి. ఏ రకమో పువ్వు చూసి తెలుసుకోవచ్చు, గడ్డ ఎండిపోయే ప్రశ్నే ఉండదు. అందుకే ఇదే శ్రేష్ఠమని తరాలుగా చెబుతూ వచ్చారు.

నిజానికి ఇది ఎండు గడ్డతో పోల్చినప్పుడే శ్రేష్ఠం. మొక్క ఆకుమీద ఉన్న ఆ ఆరేడు వారాల్లోనే వచ్చే ఏటి పువ్వుకు కావలసిన తిండి గడ్డలోకి చేరుతుంది. సరిగ్గా ఆ సమయంలో వేళ్లు తెంపి, టపాలో మూడురోజులు తిప్పితే దాని ఏడాది సంపాదన తెగిపోతుంది. మరుసటి ఏడు ఆకులే వచ్చి పూలు రాకపోవడం ఇందుకే. ఈ సంగతి తెలిసిన నిపుణులు తమ సొంత గడ్డలను జూన్, జులైలో కదుపుతారు. అప్పటికి ఆకు ఎండి రాలిపోయి, కొత్త వేళ్లు ఇంకా మొదలు కాకుండా, గడ్డ నిద్రలో ఉంటుంది. తవ్వి, చెమ్మగా ఉన్న కొబ్బరిపొట్టులోనో కంపోస్టులోనో పెట్టి, కొద్దిరోజుల్లోనే తిరిగి నాటేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మామూలు నివాలిస్ వంద కావాలంటే ఆకుమీద కొనడమే సులువు, చవక. ఒకే గడ్డకు నలభై పౌండ్లు పెట్టేవాళ్లు మాత్రం నిద్రలో ఉన్న గడ్డో, కుండీలో వేళ్లూనుకున్న మొక్కో అడగాలి. ఆ డబ్బుకు వేళ్లు తెగిన మొక్కను ఒప్పుకోవడం అనవసరం.

మొదటి కొనుగోలు ఏది అంటే నివాలిస్ వంద, ఎస్. ఆర్నాట్ మూడు. ఎస్. ఆర్నాట్ వందేళ్లు దాటిన రకం. స్కాట్లాండ్ తోటమాలి శామ్యూల్ ఆర్నాట్ పేరు. పువ్వు పెద్దది, తేనె వాసన, మొండి ప్రాణం, త్వరగా పిలకలు వేస్తుంది. ఒక్కోటి కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. కొత్త రకాల్లో చాలావాటికి దానిముందు నిలబడే శక్తి లేదు. ధరకూ గుణానికీ సంబంధం లేదనడానికి ఈ పువ్వొక్కటి చాలు. బాగా పెరిగే రకం కాబట్టే చవకైంది, పెరగనిది కాబట్టే ఇంకోటి ఖరీదుగా ఉండిపోయింది. సంగతి ఇదైనప్పుడు ఖరీదైన గడ్డను కొనడమంటే ఒక్కోసారి బలహీనతకు డబ్బు కట్టడమే.

చవక వెనక కొండలు

చవక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. 1980ల్లో టర్కీ కొండల నుంచి ఏటా కోట్ల సంఖ్యలో ఎల్వెసియై గడ్డలు తవ్వి హాలండ్ మీదుగా ఐరోపా దుకాణాలకు పంపేవారు. కొనేవాళ్లు అవి హాలండ్‌లో పండినవే అనుకునేవారు. కొండ మీద ఎవరో గడపకుండానే గడిచిపోయిన ఏళ్లను తట్టల్లోకి ఎత్తి అమ్మేయడం అది. 1990లో గలాంథస్ ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. అప్పటినుంచి దేశం దాటే ప్రతి గడ్డకూ అనుమతి పత్రం కావాలి. టోరోస్ కొండల గ్రామాల్లో గడ్డలను అడవి నుంచి తవ్వడానికి బదులు పొలంలో పండించే ప్రయత్నాలూ నడిచాయి.

జార్జియా కథ ఇంకో తీరు. వోరోనోవియై అక్కడి నల్లసముద్ర తీరపు కొండల్లోది. ఏటా కోటీ యాభై లక్షల గడ్డల ఎగుమతి పరిమితి పెట్టుకున్న దేశమది. లండన్ క్యూ తోటల శాస్త్రవేత్తలు వెళ్లి చూస్తే, తవ్వకాల్లో చెప్పుకోదగ్గ భాగం అడవిలో కాకుండా పాత మొక్కజొన్న చేలల్లో, ఊళ్ల పక్క బంజరుల్లో జరుగుతోంది. రైతులు పెద్ద గడ్డలు తీసుకుని చిన్నవాటిని తిరిగి మట్టిలో వేస్తారు, రెండు మూడేళ్లకు మళ్లీ అదే చోటికి వస్తారు. అల్లం తవ్వేవాళ్లు విత్తనపు కొమ్ము ఆపుకున్నట్టే. కాబట్టి అడవి గడ్డ అనగానే దొంగ సరుకనుకోనక్కర లేదు. పత్రం ఉందా, చిన్నగడ్డలు వెనక్కి వెళ్తున్నాయా అన్నవే చూడవలసినవి.

నాటడం

నాటే పనిలో పెద్ద విద్యేమీ లేదు. ఆకురాల్చే చెట్ల కింద, అంటే శీతాకాలం ఎండ తగిలి వేసవిలో నీడ పడే చోట, తడి నిలిచి నీరు నిలవని మట్టిలో, గడ్డ ఎత్తుకు మూడింతల లోతున, బెత్తెడు దూరంలో పెడితే చాలు. కుళ్లిన ఆకుల ఎరువు దొరికితే అంతకంటే మంచి తిండి లేదు. ఇంగ్లండులో కొత్తగా కట్టిన ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు వచ్చే చిక్కు వేరు. యంత్రాలు తిరిగి గట్టిపడిన బంకమన్ను మీద పల్చగా గడ్డి పరిచి ఇచ్చిన తోటలవి. అక్కడ గుంటకో పిడికెడు గరుకు ఇసుక, రెండు పిడికిళ్ల ఆకు ఎరువు కలపకపోతే గడ్డ చలికాలపు నీటిలో కుళ్లిపోతుంది. ఇంకో మాట, పూలయ్యాక కనీసం ఆరు వారాలు గడ్డి కోసే యంత్రాన్ని ఆ వైపు తీసుకెళ్లకూడదు. ఆకు పసుపురంగుకు తిరిగేదాకా అది పనిలోనే ఉన్నట్టు.

ఉడతల భయం తులిప్‌కు ఉన్నంత దీనికి లేదు. గడ్డలో గలాంటమిన్, లైకోరిన్ అనే విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి. ఉల్లిలా ఉందని వంటింట్లో పెట్టుకోకూడదన్నమాట. ఆ విషమే మందు కూడా అయింది. 1950ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్తలు వోరోనోవియై నుంచి గలాంటమిన్‌ను వేరుచేశారు. 2001లో అమెరికా దాన్ని ఆల్జీమర్స్ రోగులకు మందుగా ఆమోదించింది.

మన వైపుకు ఈ పువ్వు వచ్చిన దారి మరీ విచిత్రం. స్నోడ్రాప్ గడ్డలో రసం పీల్చే పురుగులకు పడని లెక్టిన్ అనే ప్రోటీన్ ఒకటుంది. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని జన్యువును చైతన్య, ఫల్గుణ వరి రకాల్లోకి ఎక్కించి, ఆ వరి సుడిదోమను, తెల్లవీపు దోమను తట్టుకుంటోందని 2000ల మొదట్లో ప్రచురించారు. దోమపోటుకు ఎకరాలకు ఎకరాలు తగలబడినట్టయ్యే జిల్లాల రైతుకు అది చిన్న వార్త కాదు. ఆ వరి ప్రయోగశాల దాటి పొలాల్లోకి మాత్రం రాలేదు.

ఒకటి రెండయ్యే తీరు

మామూలు స్నోడ్రాప్ పెరిగే పద్ధతి అరటి పిలకలదే. తల్లిగడ్డ పక్కన పిల్లగడ్డ పుడుతుంది. మంచి రకం మంచి మట్టిలో ఏటా రెట్టింపవుతుందనుకుంటే, కాగితం మీద పదేళ్లకు ఒకటి 1,024 అవుతుంది. తోటలో అలా జరగదు. గుంపు బిగిసిపోయి, గడ్డలు ఒకదాన్నొకటి తోసుకుని, పూలు తగ్గిపోతాయి. మూడు నాలుగేళ్లకోసారి గుంపును తవ్వి విడదీసి దూరదూరంగా నాటినవాళ్లకే ఆ రెట్టింపు కొంతైనా దక్కుతుంది. ఊరకే వదిలేసిన గుంపు పదేళ్లకు కూడా పళ్లెమంతే ఉంటుంది. బ్రిటన్ అడవుల్లో కనిపించే తెల్లటి తివాచీల వెనక ఉన్నవి వందల ఏళ్లు, మధ్యమధ్య ఎవరో ఒకరు పార పట్టిన రోజులు.

విత్తనం ఇంకో దారి. పది డిగ్రీల వెచ్చదనం వస్తేగాని బయటి రేకలు విచ్చుకోవు, తేనెటీగలు బయటికి రావు. ఫిబ్రవరిలో అలాంటి మధ్యాహ్నాలు తక్కువ కాబట్టి కాయలూ తక్కువే. కాసిన కాయ నేల మీదికి వాలి పగిలితే, విత్తనం కొసన ఉన్న కొవ్వుముక్క కోసం చీమలు వాటిని మోసుకుపోతాయి. ఎక్కడో గోడవారన ఒంటరి మొక్క మొలిచిందంటే అది చీమల వ్యవసాయం. పచ్చిగా ఉన్నప్పుడే చల్లితే మొలుస్తుంది, పూత పట్టడానికి మూడు నుంచి ఐదేళ్లు. వరసల మీద వరసలుగా ముద్దగా రేకలుండే ఫ్లోర్ ప్లెనో రకం దాదాపుగా కాయదు, పిలకల మీదే దేశమంతా పాకింది.

అయితే బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రానట్టే, పేరున్న స్నోడ్రాప్ విత్తనం ఆ పేరును మోయదు. అందుకే జాగ్రత్తపరులు అరుదైన రకాల కాయలను పగలకముందే గోటితో తుంచేస్తారు. లేకపోతే నాలుగేళ్లకు ఖరీదైన గుంపు మధ్యలో దాని బిడ్డలు కలిసిపోతాయి, ఏది తల్లో ఏది పిల్లో తేలదు. కొత్త రకాలు పుట్టేది కూడా ఈ విత్తనాల్లోనే కాబట్టి, పెంపకందారు తుంచడు, వేరే మడిలో చల్లి ఏళ్లు ఎదురుచూస్తాడు. ఇంగ్లండులో జో షర్మాన్ అనే నర్సరీదారు గోల్డెన్ ఫ్లీస్ అనే పసుపు రకాన్ని రాబట్టడానికి 18 ఏళ్లు పట్టింది. 2015లో దాని గడ్డ ఒకటి 1,390 పౌండ్లకు అమ్ముడైంది. ఏళ్లతో భాగిస్తే ఏడాదికి ఎనభై పౌండ్లు కూడా పడలేదు.

మామిడికి అంటు ఉన్నట్టు స్నోడ్రాప్‌కు కత్తి ఉంది. ఉల్లిగడ్డను నాలుగు ముక్కలు చేసేటప్పుడు వేరు వైపు చివర కోయకుండా ఉంచితే పొరలు విడిపోవు, అందరికీ తెలిసిందే. ఆ గట్టి బిళ్లే గడ్డకు అసలు కాండం, పొరలన్నీ దానికి అతుక్కున్న ఆకులు. ఒక పొర ముక్కకు ఆ బిళ్ల ముక్క కొంచెమైనా అంటుకుని ఉంటే, రెండు పొరల సందులో కొత్త గడ్డ పుట్టగలదు. పిలక వేయడానికి ఏడాది తీసుకునే మొక్కను, గాయపరిచి, పదహారు చోట్ల ఒకేసారి పిలక వేయించడమే ఈ పద్ధతి. చిప్పింగ్ అంటారు.

మే చివర నుంచి జులై దాకా, గడ్డ నిద్రలో ఉన్నప్పుడు చేస్తారు. గట్టిగా, మచ్చలేకుండా ఉన్న గడ్డను ఎంచుకుని ఎండు పొర ఒలిచి, వేళ్లు కత్తిరించి, ముక్కు కొస తీసేస్తారు. బిళ్లను మాత్రం తాకరు. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, గడ్డను తలకిందులుగా బోర్లించి, బిళ్ల మీదుగా నిలువునా రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా, చేయి తిరిగినవాళ్లయితే పదహారుగా కోస్తారు. ముక్క నిమ్మతొన కంటే సన్నం, తెల్లగా, జిగటగా ఉంటుంది. శిలీంధ్రనాశినిలో ముంచి తీసి, చెమ్మ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు గుళ్ల అయిన వెర్మిక్యులైట్ పది పాళ్లకు ఒక పాలు నీరు కలిపి, పిడికిట పిండితే చుక్క రాలనంత చెమ్మలో ఈ ముక్కలను కలిపి, గాలి నింపిన పాలిథిన్ సంచిలో మూతికట్టి, 20 డిగ్రీల దగ్గర చీకట్లో పెడతారు. చాలా ఇళ్లలో ఆ చోటు వేడినీళ్ల ట్యాంకు ఉన్న బీరువా, తువ్వాళ్ల పక్కన. వారానికోసారి సంచి ఎత్తి వెలుతురులో చూడాలి. బూజు పట్టిన ముక్క ఒక్కటి కనిపించినా తీసేయాలి, లేకపోతే సంచంతా పోతుంది. పన్నెండు వారాలకు పొరల సందున బియ్యపు గింజంత తెల్లటి బుడిపెలు కనిపిస్తాయి. వాటిని పాత పొరలతో సహా కుండీలో పైపైన నాటి, వేలెడు కంటే తక్కువ మట్టి కప్పి, నీడలో పెడితే, తల్లి పొరలు వాటంతటవే కుళ్లిపోతాయి. పువ్వు రావడానికి మూడేళ్లు, ఒక్కోసారి నాలుగు.

ముక్కలను ఇంకా చీల్చి, రెండేసి పొరలు మాత్రమే బిళ్లకు అంటుకుని ఉండేలా చేస్తే ట్విన్ స్కేలింగ్. లెక్క పెరుగుతుంది, బలం తగ్గుతుంది, పూతకు మరో ఏడు ఎక్కువ పట్టొచ్చు. చేయి అలవాటు కావడానికి మామూలు డాఫొడిల్ గడ్డ మీద కోసి చూడటం మేలు. ఉన్న ఒకే ఒక్క గడ్డ మీద కత్తి పెట్టడం ఎప్పుడూ పొరపాటే. రెండున్నప్పుడు ఒకటి కోయాలి. పైగా గడ్డలో వైరస్ ఉంటే ముక్కముక్కకూ అది పోతుంది. ఆకుల మీద లేత చారలు తేలిన గడ్డను కోయడమంటే రోగాన్ని పదహారు రెట్లు చేయడమే.

ధరలు పడిపోయే కథ ఈ కత్తి దగ్గరే మొదలవుతుంది. 2012లో స్కాట్లాండ్ తోటలో దొరికిన ఎలిజబెత్ హారిసన్ అనే వోరోనోవియై రకం, పసుపు అండాశయంతో, 725 పౌండ్లు పలికింది. కొన్నది థామ్సన్ అండ్ మోర్గన్ అనే విత్తనాల కంపెనీ. పువ్వు చూసి మురవడానికి ఏ కంపెనీ అంత పెట్టదు, పెంచి అమ్మడానికే కొంటుంది. అంటే ఆ డబ్బు తల్లిగడ్డకు కట్టిన వెల. 1974లో కేంబ్రిడ్జి దగ్గరి వాండిల్‌బరీలో కనిపించిన వెండీస్ గోల్డ్ కూడా ఒకప్పుడు చేతికందని పసుపే. పంచుకుని, విడదీసి, కోసి, నాటి, ఇప్పుడది కొద్ది పౌండ్లకు దొరికే స్థితికి వచ్చింది. ఓపిక ఉన్నవాళ్లు పదేళ్లు ఆగితే ఇవాళ్టి వేలంపాట గడ్డ కూడా అదే దారి పడుతుంది, అది బతికి పెరిగే రకమైతే. వేలంలో కొన్నవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. ఆ పదేళ్లూ ఊళ్లో తమ ఒక్కరి దగ్గరే ఉందన్న సుఖానికి వాళ్లు కడతారు.

సెలవులకు హైదరాబాద్ వస్తూ పెట్టెలో నాలుగు గడ్డలు వేసుకురావాలనే కోరిక వద్దు. సైటిస్ పత్రం, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, మన వైపు నుంచి దిగుమతి అనుమతి: మూడూ లేకుండా తెస్తే చట్టవిరుద్ధం. తెచ్చినా దక్కదు. పూతకు వారాల తరబడి చలి కావాలి, వేసవిలో చెమ్మ నేల కావాలి. మన మే నెల దానికి రెండూ మిగల్చదు. అదే కుటుంబపు తెల్లటి పువ్వు కావాలంటే వానలిల్లీ గడ్డలు ఏ నర్సరీలోనైనా దొరుకుతాయి, నాటిన ఏడే పూస్తాయి.

జూన్ తర్వాత స్నోడ్రాప్ ఉన్న చోట మట్టి తప్ప ఏమీ కనిపించదు. అక్టోబరులో ఇంకేదో నాటబోయి పారతో గడ్డలను రెండు ముక్కలు చేయడం అందరికీ జరిగే ప్రమాదం. బిళ్ల మీదుగా తెగితే అదృష్టం. అందుకే గుంపుగుంపుకూ ఒక చీటీ గుచ్చుతారు. ఫిబ్రవరిలో తోటను చూడనిచ్చే రోజుల్లో మాత్రం పేరున్న చీటీ దొంగకు దారి చూపిస్తుంది. రాత్రికి రాత్రి తవ్వుకుపోయిన గుంపుల కథలు బ్రిటన్‌లో ప్రతి శీతాకాలమూ వినిపిస్తాయి. కొందరు తోటల యజమానులు ఇప్పుడు చీటీ మీద పేరు రాయడం మానేసి ఒక అంకె వేస్తున్నారు. ఏ అంకె ఏ రకమో రాసిన నోటుపుస్తకం ఇంట్లో, సొరుగులో ఉంటుంది.